గుండీలు కోసేసిన చొక్కా

మా అమ్మమ్మకి కోపం ఎప్పుడొస్తుందని అడిగితే నేను చెప్పలేను. అది వెళ్ళిందెప్పుడని? బస్సులు ఆగేచోట మెట్ల కింద ఇరుకు కొట్టులో కుట్టుమిషను తొక్కుతుంది కాబట్టి అందరూ ఆవిడని మిషనమ్మ అంటారు. పిల్లల్ని అక్కడే పెంచింది. నన్నూ పెంచింది గానీ చదువు మాత్రం ఎక్కించలేకపోయింది. తొమ్మిదిలో నేను బడి మానేస్తే "పోనీలే, బడికి పీడా పోయింది" అని ఊరుకుంది.

ప్రతి శనివారం కొట్టు కట్టేశాక చర్చి వెనక గదికి వెళ్తుంది. అక్కడ దయ పెట్టె ఉంటుంది. సంఘంలోవాళ్ళు అందులో పాత బట్టలు వేస్తారు. అమ్మమ్మ చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి, లేనివాళ్ళకి ఇస్తుంది. ఆదివారం ఆరాధనలో కోశాధికారిగారు లేచి ఎవరు ఏం వేశారో పేర్లతో సహా చదువుతారు. ఆ చదువు కోసమే కొంతమంది నేల తుడిచే గుడ్డలు కూడా మడతపెట్టి పంపుతారని అమ్మమ్మ మంట. ఒకసారి ఒంటి మేజోడు వచ్చింది. "రెండోది వచ్చే వారం చదివించుకుంటారు కాబోలు" అంది.

ఒక శనివారం మధ్యాహ్నం తాపీమేస్త్రి కొట్టుకొచ్చాడు. పరంజా మీంచి పడి కాలు విరిగిన దగ్గర్నుంచి అతనికి పని లేదు. ఇప్పుడొక బట్టల దుకాణంలో లిఫ్టు దగ్గర కూర్చునే పని దొరికిందట. సోమవారం తెల్ల చొక్కాతో రమ్మన్నారట, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటామన్నారట.

"పెట్టెలో ఏదైనా ఉంటే చూడండమ్మా. కాలరు బిగుతైనా సర్దుకుంటాను."

"కాలరు సర్దుకుంటావా, మెడ సర్దుకుంటావా? రేపు ఆరాధన అయ్యాక గదికి రా."

సాయంత్రం మేం వెళ్ళి చూస్తే పెట్టెలో తెల్ల చొక్కా ఒక్కటే ఉంది. మంచి గుడ్డ. ఒక్క గుండీ లేదు. ఊడిపోయినవి కావు, కత్తెరతో శుభ్రంగా కోసినవి. ముంజేతుల దగ్గరవి కూడా వదల్లేదు. అమ్మమ్మ దాన్ని తిరగేసి చూసింది. కోశాధికారిగారి కోసం తను కుట్టిందే.

"ఆయన పెళ్ళాం పనే ఇది. ఇచ్చేముందు గుండీలు పీక్కుంది చూడవే. పరలోకానికి పట్టుకెళ్తుందా?"

"నీ డబ్బాలో బోలెడున్నాయిగా. కుట్టెయ్యి."

"కుట్టను. రేపు ఆయన చదవగానే లేచి, ఇదిగో మీ దయ అని అందరికీ ఎత్తి చూపిస్తాను. ఆ తరవాతే కుడతాను."

నాకు పండగలా ఉంది. చర్చికి నేను అంత పెందలాడే వెళ్ళడం అదే మొదలు.

పాస్టరుగారు కనికరం గురించి చాలాసేపు చెప్పారు. అమ్మమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని పళ్ళు కొరుకుతూ కూర్చుంది. కోశాధికారిగారు కాగితం తీసి, గొంతు సవరించుకుని, చివరికి తన పేరు దగ్గరకొచ్చారు. "తెల్ల చొక్కా, దాదాపు కొత్తది."

అమ్మమ్మ సంచిలో చెయ్యి పెట్టి లేచింది. తలలన్నీ ఇటు తిరిగాయి. బల్ల చివర కాలు చాపుకుని కూర్చున్న తాపీమేస్త్రీ తిరిగాడు. తెల్ల చొక్కా అనే మాట విన్నాడు కదా, ముఖం వెలిగిపోతోంది.

అమ్మమ్మ అతన్ని చూసింది. చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. "తియ్యవే" అని నేను పక్కనుంచి పొడిచాను. తియ్యలేదు.

"ఏమైనా చెప్పాలామ్మా?" అన్నారు కోశాధికారిగారు.

"చెప్పాలి." సంచిలోంచి ఒట్టి చెయ్యి బయటికి తీసింది. "ఆ పేర్లు చదవడం ఆపండి. ఎవరు ఏ బట్ట వేశారో మీరిక్కడ చదివితే, రేపు దాన్ని తొడుక్కుని వీధిలోకెళ్ళినవాడి మీద మీ పేరు కనిపిస్తుంది. వాడు కనపడడు. అంత పొగిడించుకోవాలనుంటే ఇంట్లో అద్దం ఉంది."

కోశాధికారిగారు కాగితం వంకా పాస్టరుగారి వంకా చూశారు. పాస్టరుగారు నేలవంక చూశారు. వెనక బల్ల మీద నిద్రపోతున్న ముసలాయన ఉలిక్కిపడి ఆమేన్ అన్నాడు. కాగితం మడతపడింది.

వెనక గదిలో అమ్మమ్మ గుండీలు కుడుతూ, ఎవరి పీకో కొరికినట్టు దారం కొరుకుతోంది.

"మొత్తానికి చూపించలేదుగా" అన్నాను.

"నోరుమూసుకో. చూపిస్తే వాడు దాన్ని తొడుక్కుంటాడా? గుండీలు పీకిన చొక్కా వస్తోందని ఊరంతా నవ్వదూ?"

అప్పుడే గుమ్మంలో కోశాధికారిగారి భార్య కనపడింది. అమ్మమ్మ ఒళ్ళోని చొక్కా చూసింది, అంతా అర్థమైపోయింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పిన్నిగారూ, అలవాటుకొద్దీ కోసేశాను. గుండీలతో చొక్కా బయట పడేస్తే మా అత్తగారు చీపురు తిరగేసేవారు."

నేను తిట్ల కోసం చెవులు రిక్కించాను. అమ్మమ్మకి నోటిదాకా వచ్చినట్టే ఉంది, మింగింది.

"ఆవిడ పోయి ఎన్నాళ్ళయింది? పెట్టెలో వేసేది పడెయ్యడం కాదమ్మా, ఒక మనిషికి ఇవ్వడం. లోపలికి రా, అక్కడ నిలబడి ఏడిస్తే నాకు వెలుతురు అడ్డం. ఆ చెయ్యి నువ్వు కుట్టు. వాడొచ్చేలోగా అయిపోవాలి. ఈ సంగతి వాడి చెవిన పడితే మాత్రం నీ సంగతి చూస్తా."

ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని కుట్టారు. మేస్త్రి వచ్చి తొడుక్కుని, కొలతిచ్చి కుట్టించుకున్నట్టుందన్నాడు. కోశాధికారిగారి భార్య తలెత్తలేదు.

దార్లో అడిగాను, "క్షమించేశావా అమ్మమ్మా?"

"క్షమించాను. కోపం అలాగే ఉంది. నన్ను కదిలించకు."

కదిలించకపోయినా ఇంటిదాకా తిడుతూనే ఉంది. దారం ముడెయ్యడం కూడా రానిదాని చేతికి కత్తెర ఎవరిచ్చారట.