చచ్చాక నవ్వాలి

ఉదయం 7:40. ఫిల్మ్‌నగర్ వెనక రాళ్లగుట్ట. అది కశ్మీరు అన్నారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మంచు థర్మాకోల్‌ది. నాకిచ్చిన కిట్: ఉన్నికోటు ఒకటి, చెక్క తుపాకి ఒకటి, ఇడ్లీలు నాలుగు. పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగిపోయినవాణ్ణి. జూనియర్ ఆర్టిస్టుగా ఇదే మొదటి పోస్టింగ్.

ఆర్డరు తేలికే. బాంబు పేలుతుంది. హీరో ఛాతీ విరుచుకుని నిలబడతాడు. పక్కన నేనూ నిలబడాలి.

9:15కి పేలింది. తేరుకునేసరికి బండ వెనక బోర్లా ఉన్నాను. రెండో టేకూ అంతే. మూడోసారి హీరోని కూడా కాలరు పట్టి కిందికి లాగేశాను. ఆయన మూతినిండా థర్మాకోల్. పక్కవాణ్ణి లాగడం నాకు అలవాటు. నిజమైన మంచుగుట్ట మీద ఒక్కసారే ఆలస్యమైంది. మా రేడియో ఆపరేటరు లేవలేదు.

"ఏంటండీ ఇది?" అన్నాడు డైరెక్టరు.

"బాంబు పేలితే పడుకోవాలి సార్."

వాకీటాకీలో ఆర్డరు మారింది. "ఈయన్ని వచ్చే షాట్‌లోనే చంపేసి పంపించేయండి."

11:10కి చచ్చాను. 11:20కి గేటు బయట ఉన్నాను.

యూసుఫ్‌గూడ గదిలో మూడు రోజులు మంచం దిగలేదు. గడ్డం గీయలేదు. సైనికుడి వేషానికే పనికిరాని సైనికుణ్ణి అయ్యానని తల కొట్టేసినట్టయింది. నాలుగో రోజు ఊరికి పోదామని ట్రంకుపెట్టెకి తాళం వేస్తుంటే, నన్ను షూటింగుకి పంపిన ఏజెంటు వచ్చాడు.

"ఏందన్నా, నవ్వకుండనే పోయినవంట?"

"నేనెందుకు నవ్వాలి?"

"చచ్చిన వేషం ఏసినోడు కెమెరా ముంగట నవ్వాలె. లేకుంటే అపశకునం. నువ్వు పోయినకాంచి జనరేటర్ రెండుసార్లు ఆగింది, క్రేన్ ఖరాబైంది. అంతా నీ మీదనే ఏస్తుండ్రు. జర వచ్చి నవ్విపో."

11:30కి ఏజెంటు వెంట గుట్ట మీద రిపోర్టు చేశాను. యుద్ధం షాట్ నడుస్తోంది. కట్ అనగానే నలభై శవాలు థర్మాకోల్ దులుపుకుంటూ లేచి, వరసలో నిలబడ్డాయి. చివర నన్ను నిలబెట్టారు. కెమెరా ఒక్కొక్కరి నవ్వూ తీసుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగింది. నవ్వు రాలేదు. అటెన్షన్‌లో బిగుసుకుపోయాను. యూనిట్ మొత్తం నా పళ్ల కోసం కాచుకుని ఉంది.

పక్క శవం గుసగుసగా అంది. "జల్ది నవ్వన్నా. నవ్వితేనే బువ్వ పెడ్తరు. బువ్వ తిని మళ్ల చావాలె."

నవ్వొచ్చేసింది. ఎంతసేపటికీ ఆగలేదు. కళ్లనీళ్లు కూడా వచ్చాయి. పొద్దున చచ్చి, నవ్వి, తిని మళ్లీ చావడానికి సిద్ధమవుతున్నవాళ్లని చూస్తే మూడు రోజులు మంచం దిగనందుకు నాకే సిగ్గేసింది. నేరుగా ఏజెంటు దగ్గరికి నడిచాను.

"మధ్యాహ్నం షాట్‌లో నాకూ వేషం ఇప్పించు."

"మళ్ల బండెన్క పండుతవా ఏంది?"

"శత్రువు వేషం ఇప్పించు. వాళ్లు పడుకోవచ్చు కదా."

పడుకున్నాను. ఒక్క టేకులో ఓకే అయింది.

సాయంత్రం 6:30కి గదికి చేరి ట్రంకుపెట్టె తాళం తీశాను. అప్పటినుంచి ఎన్నోసార్లు చచ్చాను, అన్నిసార్లూ నవ్వాను. నవ్వుల వరసలో నిలబడ్డ ప్రతిసారీ నా పక్కన ఒకడు కనబడతాడు. వీపున రేడియో ఉంటుంది. భుజం మీది అసలు మంచు దులుపుకుంటూ, నాకంటే ముందే నవ్వుతుంటాడు.