ఉస్తాద్ పోసిన తొలి గ్లాసు

శుక్రవారం పొద్దున బాయిలర్ ముందు నిలబడి ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు చూస్తుండగా ఎల్లారెడ్డి నుంచి ఫోను వచ్చింది. మా ఉస్తాద్ ఖాజామియా గారి కూతురు నజ్మా. "అన్నా, అబ్బా పోయిండు. పొద్దుగాల ఫజర్ నమాజ్‌కు లేపితే లేవలే. జుమా నమాజ్ అయినంక మట్టి" అన్నది. నేనేమన్నానో నాకు గుర్తు లేదు. ముల్లు మీది నుంచి చూపు తిప్పకుండా చాలాసేపు అలాగే నిలబడిపోయానని పక్కనున్నవాళ్లు తరువాత చెప్పారు. ఏం జరిగినా ముల్లు మీద కన్ను తీయకూడదన్నది కూడా ఆయన నేర్పిందే.

అంతకు ముందు ఆదివారమే ఆయన నాతో ఫోనులో మాట్లాడారు. ఆ మాటల వల్లనే ఈ మరణం నాకు దుఃఖంతో పాటు మనసులో పెద్ద కలతను మిగిల్చింది. అది చెప్పే ముందు ఆయనెవరో చెప్పాలి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి దారిలోని ఉప్పుడు బియ్యం మిల్లుల్లో పని చేసినవారికి ఖాజామియా మేస్త్రి గారిని పరిచయం చేయనక్కరలేదు. బక్కపలుచని మనిషి, తెల్లటోపీ, ఖాకీ చొక్కా. అంతటి యంత్రఘోషలోనూ గొంతు పెంచి ఎరుగరు. చదువు స్వల్పం, అనుభవం అపారం. లింగంపేట నుంచి వచ్చిన నా వంటి ఎందరికో ఆ బాయిలర్ గదే పాఠశాల, ఆయనే గురువు.

ఆయన పెట్టిన ఆచారం ఒకటుండేది. పొద్దున షిఫ్టుకు ముందు చాయ్ కెటిలు రాగానే తొలి గ్లాసు పోసి, బాయిలర్ గది ముందున్న స్టూలు మీద పెట్టి, "నిన్న ఏం చెడిపోయింది? ఎవలు జూసిండ్రు?" అని అడిగేవారు. లోపం చెప్పినవాళ్లదే ఆ గ్లాసు. హమాలీ అయినా సరే, ఊడ్చే మనిషి అయినా సరే. ఎవరూ చెప్పకపోతే ఆయనా తాగరు, మిల్లూ మొదలు కాదు. ఒక్కోసారి చాయ్ మీద మీగడ కట్టేది. "ఇంత పెద్ద మిల్లుల ఒక్క నట్టు గూడ లూజు గాలేదా? నన్ను నమ్మమంటరా?" అని నవ్వేవారు. ఆఖరుకు ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు.

నేను పనిలో చేరిన కొత్తలో వడ్ల లారీ దిగుతుంటే చూడటానికి పోయి బాయిలర్ నీళ్ల సంగతి మరిచాను. తిరిగి వచ్చేసరికి నీటిమట్టం చూపే గాజుగొట్టంలో నీటి జాడ లేదు. పంపు ఆన్ చేస్తే ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుందనుకుని స్విచ్చి మీద చెయ్యి కూడా వేశాను. ఇంతలో ఆ స్టూలు కనబడింది. పరుగెత్తి ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన ఒక్క మాట అనకుండా ముందు మంట ఆర్పించారు. కాగిన గొట్టాల మీద చన్నీళ్లు పడి ఉంటే బాయిలర్ పేలిపోయేదని ఆ తరువాత తెలిసింది. మర్నాడు తొలి గ్లాసు నా చేతికే ఇచ్చారు. తాగడం అయ్యాక "చాయ్ అయిందా? ఇగ తిట్లు తిను" అని అరగంట తిట్టారు.

ఇంకోసారి ఊడ్చే గంగవ్వ "బెల్టు గుంటల కాలిన వాసనొస్తుంది సాబ్" అన్నది. ఒక పూటంతా మిల్లు ఆగింది. వడ్లను పైకి తోడే ఆ బెల్టును విప్పి చూస్తే ఏమీ లేదు. పక్క పొలంలో వరి కొయ్యకాళ్లు కాలుస్తున్న వాసన అది. మిల్లు యజమాని సేటు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మర్నాడు గంగవ్వ ముఖం దాచుకొని అందరి వెనక నిలబడింది. ఉస్తాద్ ఆమెను పిలిచి తొలి గ్లాసు ఆమెకే ఇచ్చి, సేటుతో నెమ్మదిగా అన్నారు: "తప్పు చెప్పినోళ్లకు గూడ చాయ్ పోస్తెనే సేట్, రేపు నిజం చెప్పేటోళ్లొస్తరు." సేటుకు ఆ మాట నచ్చలేదు. కానీ ఆ ఆచారం ఆగలేదు.

ఇది ఆయనకు ఊరికే వచ్చిన వివేకం కాదు. వయసులో ఉండగా వేరే మిల్లులో జరిగిన సంగతి ఒక్కసారే నాకు చెప్పారు. "వడ్లు ఉడికే ట్యాంకు తలుపు బోల్టు అరిగింది నేను జూసిన. ముందటి రోజు గసొంటిదే చెప్తే మేస్త్రి, నువ్వు ఇంజినీర్‌వా అని అందరి ముంగట నవ్విండు. సిగ్గయి చెప్పలే. ఆ తలుపు ఊడి, నాతోటి పనిచేసే పోచయ్యవి రెండు చేతులు కాలినయ్. మనిషికి నోరు లేక గాదు బేటా. ఒక్కసారి నవ్వులపాలైతే ఆ నోరు మల్ల తెరుసుకోదు." ఏటా రంజాన్ నమాజు కాగానే షీర్‌ఖుర్మా గిన్నెతో బీబీపేట బస్సెక్కి పోచయ్య ఇంటికి పోయేవారు. తన చేత్తో తినిపించి వచ్చేవారు.

మూడేళ్ల కిందట మోకాళ్లు సహకరించక ఆయన ఇంటిపట్టున ఉండిపోయారు. మేస్త్రి పని నాకొచ్చింది. కెటిలు వస్తూనే ఉంది, స్టూలూ అక్కడే ఉంది. మొదట్లో నేనూ అడిగాను. తరువాత సీజను ఒత్తిడిలో ఒకరోజు ఎవరూ పలకకపోతే, చల్లారిపోతుందని ఆ గ్లాసు నేనే తాగాను. మర్నాడూ నేనే తాగాను. క్రమంగా అది మేస్త్రి గ్లాసు అయిపోయింది. అడగకుండానే నాకు ముందు పోస్తుంటే అది నాకు మర్యాదగా తోచింది. నిజం చెప్పాలంటే బాగానే ఉండేది.

ఆ ఆదివారం ఆయన అడిగింది ఒకటే. "తొలి గ్లాసు ఎవలు తాగుతుండ్రు బేటా?"

"ఎవలేం చెప్తలేరు ఉస్తాద్. ఏం చెడిపోతలేదు. మిల్లు మస్తు నడుస్తుంది" అన్నాను, మెచ్చుకుంటారని.

అటువైపు నుంచి దగ్గు వినబడింది. ఆ దగ్గులోనే, "మూడేండ్ల సంది ఎవలేం చెప్తలేరా? గట్లైతే జర భయపడు" అని ఫోను పెట్టేశారు. నేను నొచ్చుకున్నాను. మళ్లీ ఫోను చేయలేదు. శుక్రవారం ఎల్లారెడ్డిలో ఆయన మీద మూడు పిడికిళ్ల మట్టి వేస్తున్నప్పుడు కూడా నా చెవిలో ఆ మాటే ఉంది.

శనివారం పొద్దున తొలి గ్లాసు స్టూలు మీద పెట్టి అడిగాను. చాయ్ మీద మీగడ కట్టాక గంగవ్వ "బెల్టు గుంట మీది ఇనుప జాలీ కదులుతుంది" అన్నది.

"ఎప్పటి సంది?"

"వానలప్పటి సంది."

"మరి నాకెందుకు చెప్పలే గంగవ్వా?"

"చెప్పిన. గీడనే చెప్పిన. అప్పుడు నువ్వు చాయ్ తాగుతున్నవ్. నీ పని నువ్వు జూసుకో అన్నవ్."

నాకు గుర్తు లేదు. ఆమె అబద్ధమాడుతున్నదని అనుకోవడానికి కూడా వీల్లేదు. ఆ మాట నేను రోజూ అనేదే. పోయి జాలీ మూల మీద కాలు పెడితే అది కిందికి వంగింది. దాని కింద వడ్లను పైకి తోడే బెల్టు తిరుగుతుంటుంది. ఇన్నాళ్లూ హమాలీలు బస్తాలు మోస్తూ ఆ మూల మీద అడుగు పడకుండా దాటడం అలవాటు చేసుకున్నారు. మిల్లులో నాకు తప్ప అందరికీ తెలుసు.

వెల్డింగ్ అయ్యేదాకా మిల్లు ఆపించి, తొలి గ్లాసు గంగవ్వకు అందించాను. ఆమె తీసుకోలేదు. "నాకొద్దు మేస్త్రీ. ఇయ్యాల ఆ సాబ్ పేరు మీద చెప్పిన. రేపటి సంది చెప్పుడో చెప్పకపోవుడో, నిన్ను జూసి చెప్తం" అన్నది.

ఉస్తాద్ ఖాజామియా గారి పవిత్రస్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆయన స్థానంలో నన్ను కూర్చోబెట్టారు గానీ ఆ స్థానం నాతో నిండలేదు, మరెవరితోనూ నిండదు. బాయిలర్ నడపడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. వినడం కూడా నేర్పారు, నేనే నేర్చుకోలేదు. ఆ ముక్క ఆయన బతికుండగా ఒప్పుకునే అవకాశం నాకుండింది. అలిగి పోగొట్టుకున్నాను.

ఆ శనివారం నుంచి రోజూ పొద్దున తొలి గ్లాసు పోసి స్టూలు మీద పెట్టి, చాయ్ చల్లారేదాకా పక్కన నిలబడి అడుగుతున్నాను. మిల్లు ఆలస్యమవుతోందని సేటు గొణుగుతున్నాడు. ఇంతవరకు ఎవరూ ఆ గ్లాసు ముట్టలేదు. నేనూ ముట్టడం లేదు.