పెద్ద వీణ నాలుగో మెట్టు

1994 జూన్‌లో పంజగుట్టలోని ఒక సంగీత పాఠశాలలో వీణ అధ్యాపకురాలిగా చేరాను. కాలనీ పెద్దలు సంఘంగా ఏర్పడి నడిపే బడి అది. ఒక కార్యదర్శి, ఒక అటెండరు, మేడ మీద ఒక హాలు, కింద మూడు గదులు. పూర్తికాలం అధ్యాపకురాలిని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా సాయంత్రాలు వచ్చి పాఠం చెప్పి వెళ్ళే పార్ట్ టైమ్ వాళ్ళు. ఆ తేడాను నేను మరిచిపోయిన రోజు లేదు, ఎవర్నీ మరిచిపోనివ్వలేదు కూడా. పదహారేళ్ళ ఉద్యోగంలో 2000 మార్చిలో మొదలై మరుసటి ఏడాది జూన్‌లో ముగిసిన ఒక సంగతి చెబుతాను. నాకు గౌరవం తెచ్చే సంగతేమీ కాదు.

డేనియల్ 1998లో గిటారు ఇన్‌స్ట్రక్టరుగా చేరాడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. చిన్నప్పటి నుంచీ చర్చి క్వయర్‌లో వాయించినవాడు. డిప్లొమా లేదు, సర్టిఫికెట్ లేదు. నియామక పత్రంలో అర్హత అన్న చోట కార్యదర్శి గారు 'అనుభవం' అని రాసి సరిపెట్టారు. నా కాగితాల్లో అదే చోట నాలుగు పంక్తులున్నాయి.

అప్పట్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ బోర్డులే. ఆ కోచింగ్ సెంటర్లలో పొద్దంతా కూర్చున్న కుర్రాళ్ళు సాయంత్రం అయ్యేసరికి మా బడికి వచ్చేవాళ్ళు. వీణకు కాదు, గిటారుకు. ఉద్యోగాలొచ్చినవాళ్ళు మెడలో కంపెనీ కార్డు తీయకుండానే వచ్చేవాళ్ళు. ఏడాది తిరక్కుండా కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీ క్లాసు చిన్నది కదండీ, కింద పడమటి గదికి మారండి, హాలు గిటారుకిద్దాం" అన్నారు. సరేనన్నాను. ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

పడమటి గదిలో కూర్చుంటే మేడమెట్లు కనిపిస్తాయి. పాఠం చెబుతూనే అక్కడ విడిచిన చెప్పులు లెక్కపెట్టేదాన్ని. నా గుమ్మం ముందు ఐదు జతలు, పైన ముప్పై దాటేవి. ఎవరైనా సెలవు పెట్టి వాళ్ళవి ఇరవై ఎనిమిదైతే నా మనసు కాస్త చల్లబడేది. ఇది అసూయే. దీనికి ఇంకో పేరు వెతకను. అతని చొక్కా మీదా అసూయే, అతన్ని పిల్లలు 'అన్నా' అని పిలవడం మీదా అసూయే. అన్నింటికన్నా అతని చెవి చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను శ్రుతిపెట్టె ఆన్ చేసి, బిరడాలు తిప్పి, పది నిమిషాలు కుస్తీ పట్టి శ్రుతి చేసుకుంటాను. అతను మెట్లెక్కుతూ నా గదిలో శ్రుతి విని, పైకెళ్ళి ఏ ఆధారమూ లేకుండా గిటారు తీగ సరిగ్గా దానికే కలిపేవాడు. కావాలని చేసేవాడు కాదు, అదే ఇంకా కష్టంగా ఉండేది.

2000లో నా విద్యార్థులు ముగ్గురు ప్రభుత్వ సర్టిఫికెట్ పరీక్షకు కట్టారు. ఇద్దరికి ఇంట్లో సొంత వీణలున్నాయి. మూడో ఆమె సరళ. తెనాలి వైపు అమ్మాయి, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేది. ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చుని, కొత్త బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో వచ్చినవాడికల్లా చెప్పడమే ఆమె ఉద్యోగం. ఖైరతాబాద్‌లోని ఒక బడివాళ్ళు సంగీతం టీచరుగా తీసుకుంటామని, జూన్ నాటికి సర్టిఫికెట్ చూపించమని ఆమెకు చెప్పారు. "ఈ ఒక్కటీ గట్టెక్కితే ఆ కౌంటర్లోంచి బయట పడతాను మేడమ్" అనేది. హాస్టల్లో వీణకు చోటెక్కడిది? రోజూ పొద్దున్నే ఆరింటికల్లా బడికొచ్చి సాధన చేసేది.

మా బడిలో విద్యార్థులకు మూడు వీణలు. నేను పాఠం చెప్పే పెద్ద వీణ వేరు. దాని మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు, ఒక్క పరీక్షకు కట్టినవాళ్ళు తప్ప. నా గురువుగారి దగ్గరా అదే పద్ధతి. సరళకు సొంత వీణ లేదు కాబట్టి జనవరి నుంచీ పెద్ద వీణ పూర్తిగా ఆమెకే వదిలేశాను. అది నేను చేసిన ఉపకారమనే అనుకున్నాను.

ఇక్కడ వీణ గురించి ఒక్క ముక్క చెప్పాలి. గిటారులో తీగల కింద అడ్డంగా ఉండే మెట్లు చెక్కలోకి దిగ్గొట్టి ఉంటాయి, కదలవు. వీణ మెట్లు అలా కాదు. మైనంలో మసి కలిపి దండి అనే వీణ మెడ మీద రెండు గట్లుగా పోసి, ఇరవై నాలుగు మెట్లనూ ఒక్కొక్కటిగా చెవితో సరిచూసుకుంటూ ఆ మైనంలో కూర్చోబెడతారు. దీన్ని మేళం కట్టడం అంటారు. అది వేరే విద్య, వాయించేవాళ్ళలో చాలామందికి రాదు. నాకూ రాదు. ఎండ తగిలితే మైనం మెత్తబడుతుంది, మెట్టు జరుగుతుంది. అందుకని రెండు మూడేళ్ళకోసారి పనివాణ్ణి పిలిపించి మళ్ళీ కట్టిస్తారు. నా కొత్త గది పడమటిది. పెద్ద వీణ ఉండేది కిటికీ పక్కన.

మార్చి మొదటి వారంలో ఒక సాయంత్రం సరళ మోహన రాగం వాయిస్తోంది. మోహనలో గాంధారం మీద నిలబడాలి, దాక్కోవడానికి చోటుండదు. డేనియల్ గుమ్మం దగ్గర ఆగాడు.

"మేడమ్, జర ఒక మాట చెప్పొచ్చా? ఆ నాలుగో మెట్టు కొంచెం తక్కువ పలుకుతున్నట్టుంది."

నాలుగో మెట్టంటే అంతర గాంధారం. సరళ వాయించడం ఆపి నా మొహం వంక చూసింది. ఆ చూపే నన్ను రెచ్చగొట్టింది.

"మీ గిటారు గాంధారం వేరండీ, మా గాంధారం వేరు," అన్నాను. "మీవి సమానంగా కోసిన కొలతలు. మీ చెవికి మాది తక్కువగానే వినిపిస్తుంది." అందులో అబద్ధం లేదు. శాస్త్రం ఆ మాటే చెబుతుంది. కాని నేను శాస్త్రం కోసం ఆ మాట అనలేదు, అతని నోరు మూయించడానికన్నాను.

అతను నొచ్చుకోలేదు. "అది నాకు సుత తెలుసు మేడమ్. నేను కొలత గురించి చెప్తలేను, వేలు గురించి చెప్తున్న. ఆ మెట్టు మీదికి రాంగనే మీ వేలు తీగను జర లాగుతుంది. సరళక్క వేలు సుత అట్లనే లాగుతుంది. వేరే మెట్టు మీద లాగుతలేరు," అన్నాడు.

మెట్టు తక్కువ పలికితే తీగను పక్కకు లాగి స్వరం పెంచవచ్చు. కొద్దికొద్దిగా జరిగిన మెట్టయితే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది, చెవికి తెలియనివ్వదు. ముప్పై ఏళ్ళు వీణ వాయించినదానికి అది తెలియదా? తెలుసు. అతను వెళ్ళాక ఒక్కసారి వేలు లాగకుండా మీటి చూస్తే తేలిపోయేది. నేను చూడలేదు. "ఊ, వాయించు" అన్నాను సరళతో.

మర్నాడు కార్యదర్శి గారి దగ్గరికెళ్ళి, నా క్లాసు జరుగుతుండగా వేరే విభాగం వాళ్ళు వచ్చి జోక్యం చేసుకుంటున్నారని చెప్పాను. ఆయన డేనియల్‌ని పిలిచి మందలించారు. నేను అక్కడే ఉన్నాను. "సారీ మేడమ్, ఇగ రాను" అన్నాడు, అంతే. మళ్ళీ నా గుమ్మం దగ్గర ఆగలేదు. ఆ రోజు నాకు బాగానే నిద్ర పట్టింది, చెప్పొద్దూ.

ఆ నెలాఖరుకే మేళం కట్టే పనివాడు వచ్చాడు. కోస్తా నుంచి ఏడాదికోసారి వచ్చి నగరంలో వీణలన్నీ చూసుకుని పోయే పెద్దాయన. విద్యార్థుల వీణలు మూడూ బయట పెట్టించాను. "పెద్దదో అమ్మా?" అని అడిగాడు. పైన గిటారు క్లాసు జరుగుతోంది, తలుపులు తీసే ఉన్నాయి. ఇప్పుడు ఈ వీణ విప్పిస్తే అతను కిందికి చూస్తాడు, తన మాటే గెలిచిందనుకుంటాడు. నా బుర్రలో తిరిగింది ఇదొక్కటే. "దానికేం, నిక్షేపంలా ఉంది" అన్నాను. పెద్దాయన గుడ్డ ముసుగులో ఉన్న వీణ వైపు ఒకసారి చూసి, తన మైనం మూట కట్టుకుని వెళ్ళిపోయాడు.

పరీక్ష ఏప్రిల్‌లో, మాసబ్ ట్యాంక్ దగ్గర. ఆటోలో వీణ తీసుకెళ్ళడమంటే ప్రాణసంకటం కాబట్టి ప్రాక్టికల్‌కు కేంద్రంలో ఉన్న వీణే ఇస్తారు. గురువులు లోపలికి వెళ్ళకూడదు, వరండాలో కూర్చోవాలి. నా మొదటి ఇద్దరూ చక్కగా వాయించి బయటికొచ్చారు. మూడోది సరళ.

సరిగమలు ఎక్కుతూ గాంధారం దగ్గరికి వచ్చింది. స్వరం పైకి పోయింది. కేంద్రం వీణ మెట్టు ఉండాల్సిన చోటే ఉంది, ఈ పిల్ల వేలు మాత్రం నా వీణకు అలవాటైనట్టు తీగను లాగింది. మొదటిసారికే నాకు అర్థమైపోయింది. వరండాలో బల్ల మీద కూర్చుని నా కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకున్నాను, లోపల వాయిస్తున్నది ఆ చెయ్యే అన్నట్టు. వర్ణం మొదలుపెట్టింది. గాంధారం వచ్చిన ప్రతిసారీ అదే అపస్వరం. ఆమెకూ వినిపిస్తోంది, సర్దుకోవాలని చూస్తోంది, కంగారులో ఇంకా లాగుతోంది. పరీక్షాధికారి ఆపించి, "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడగడం వినిపించింది. సరళ నా పేరు చెప్పింది. గట్టిగా, గర్వంగానే చెప్పింది.

తప్పింది. పరీక్ష మళ్ళీ ఏడాదికి గాని ఉండదు. ఖైరతాబాద్ బడివాళ్ళు జూన్‌లో ఇంకొకరిని తీసుకున్నారు.

"భయపడ్డావు, అందుకే అలా అయింది" అన్నాను సరళతో. భయపడ్డాననే ఆమె కూడా అనుకుంది. మళ్ళీ అదే కౌంటర్, మళ్ళీ పొద్దున్నే ఆరింటికి సాధన.

పనివాడు మళ్ళీ రావడానికి పది నెలలుంది. ఫలితాలు వచ్చిన వారానికి నేనే మేడమెట్లెక్కాను. క్లాసు జరుగుతోంది. గుమ్మంలో నిలబడి, "డేనియల్ గారూ, కిందికొచ్చి ఒక మెట్టు విని పెడతారా?" అన్నాను. అంతకుముందెప్పుడూ అతన్ని గారు అనలేదు. అతను గిటారు ఒక కుర్రాడి చేతికిచ్చి వచ్చాడు. పనివాడు చేస్తుండగా చూసిన గుర్తుతో ఇనప చువ్వ వేడి చేసి మెట్టుకు ఆనించి మైనం మెత్తబరిచాను. అతను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. "జర ఇవతలికి... ఇంకొంచెం... ఆపండి." జరిపింది ఒక బియ్యపు గింజ పొడవైనా లేదు. అతను ఒక్క మాట దెప్పలేదు. పరీక్ష సంగతి ఎత్తలేదు. దెప్పితే బాగుండునని నాకనిపించింది, అప్పుడు నేనూ ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

సరళ వేలుకు పట్టిన అలవాటు వదిలించడానికి ఐదు నెలలు పట్టింది. ఎందుకు మార్పిస్తున్నానో చెప్పలేదు. "ఇక మీద ఇక్కడ లాగకు" అన్నానంతే. ఎందుకని ఆమె అడగలేదు. గురువు చెప్పిందాన్ని ఎందుకని అడగకూడదని నేర్పింది నేనే.

మరుసటి ఏడాది ఫస్ట్ క్లాసులో పాసైంది. జూన్ మొదటి వారంలో స్వీటు పెట్టె పట్టుకొచ్చి నా ముందు కూర్చుని, దారం విప్పుతూ, "మీరు లేకపోతే నాకీ విద్య ఎక్కడిది మేడమ్" అంది. ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాను. మెట్టు సంగతి, పనివాడి సంగతి, కార్యదర్శి గారికి చెప్పిన సంగతి అన్నీ చెప్పాను.

సరళ దారం విప్పడం ఆపింది. తర్వాత, "మెట్టు తప్పని మీకెప్పుడు తెలిసింది మేడమ్?" అని అడిగింది.

"నువ్వు లోపల మొదటి గాంధారం వాయించినప్పుడే."

"నేను భయపడ్డానని నాతో అన్నారు కదా."

"అన్నాను."

"డేనియల్ సార్‌కి తెలుసా?"

"తెలుసు. ఆ మెట్టు సరిచేసింది ఆయన చెవితోనే."

దారం మళ్ళీ ముడేసింది. లేచి, పెట్టె పట్టుకుని మేడమెట్లెక్కింది. పైన కుర్రాళ్ళు చప్పట్లు కొట్టడం వినిపించింది. కాసేపటికి దిగొచ్చి పెట్టె నా ముందు పెట్టింది. అందులో ఒకటి తీసిన ఖాళీ కనిపిస్తోంది. నేనూ ఒకటి తీసుకున్నాను. రెండోదాన్ని నేను. అప్పుడు కూడా నాకు కుళ్ళే వచ్చింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి పాటించాను. నెలకోసారి పెద్ద వీణ వేరొకరి చేత మీటించి, నేను గోడవైపు తిరిగి వినేదాన్ని. సందేహమొస్తే మేడ మీదికి కబురు పెట్టేదాన్ని. సొంత వాయిద్యాన్ని సొంత చేత్తో పరీక్షించకూడదు, చెయ్యి తప్పును కప్పేస్తుంది. పరాయి చెవి కావాలి. ఆ చెవి నాకు నచ్చని మనిషిది కావడం వల్ల నేను వాయిదా వేశాను, సరళకు ఒక ఏడాదీ ఒక ఉద్యోగమూ పోయాయి.