నా పడవా, నా దద్దుర్లూ, అమ్మవారూ

భిలాయిలో కూర్చుని పడవ కట్టిన తెలుగువాళ్ళు ఎందరున్నారో నాకు తెలియదు. కట్టిన పడవలో ఒక్కసారైనా కూర్చోలేకపోయినవాణ్ణి మాత్రం కచ్చితంగా నేనొక్కణ్ణే. ఇంతకంటే ఘోరం ఏమిటంటే, మధ్యలో కొన్నాళ్ళు నేను దేవతగా కూడా పనిచేయాల్సి వచ్చింది. అప్పుడే నవ్వకండి, నవ్వాల్సిన చోటు ఇంకా రాలేదు.

మా నాన్న భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి ఇక్కడి స్టీల్ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. నాకు బాగా పరిచయమున్న నీళ్ళంటే కుళాయి నీళ్ళే. అయినా సముద్రం మాట వస్తే చాలు, మా తాతలు అలల మీదే పుట్టి పెరిగినట్టు మాట్లాడేవాణ్ణి. ఒకరోజు క్యాంటీన్‌లో, మా సెక్షన్‌లోనే పనిచేసే తివారీతో అదే ధోరణిలో అన్నాను.

“పడవ కట్టడం మా రక్తంలోనే ఉంది భయ్యా.”

“తో బనాకే దిఖావో!” అన్నాడు తివారీ, సమోసా నములుతూ. కట్టి చూపించమన్నమాట.

“చూపిస్తా. చలికాలం పిక్నిక్‌లో శివనాథ్ నది మీద, మన సెక్షన్ మొత్తం చూస్తుండగా, నేనే నడుపుతా!”

నోరు జారడం అంటే ఇదే. కానీ ఒక నిజం చెప్పాలి. గొప్పల కోసమే మొదలుపెట్టినా, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ ప్లైవుడ్డు ముక్కలు వంగి, అంచులు కలిసి, పడవ ఆకారం వచ్చిన రోజున నాకు దానిమీద పిచ్చి ప్రేమ పుట్టుకొచ్చింది. దాన్ని ఒక్కసారి నా చేతులతో నది మీద నడపాలి. తివారీ చూసినా చూడకపోయినా సరే.

ముక్కల్ని అతికించేది ఎపాక్సీ అనే జిగురు. ఒక డబ్బాలో రెసిన్, ఇంకో డబ్బాలో హార్డెనర్. రెండూ కలిపితే తేనెలా జారి, తర్వాత రాయిలా గట్టిపడుతుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దని డబ్బా మీద బొమ్మతో సహా రాసి ఉంది. గ్లౌజులు తొడుక్కుంటే పనితనం రాదని నాకు నేనే తీర్మానించుకున్నాను. చేతులకంటిన జిగురు వదలడానికి థిన్నరు పోసి కడుక్కునేవాణ్ణి. అలా కడిగితే జిగురు చర్మంలోకి ఇంకా బాగా దిగుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. తర్వాత చెప్పేవాళ్ళకు ఎప్పుడూ కొదవలేదు.

ముందు మణికట్ల దగ్గర దద్దుర్లు లేచాయి. తర్వాత కనురెప్పలు వాచాయి. నా భార్య సరళ స్కూల్లో సైన్సు టీచరు. నన్ను వెలుతురులో నిలబెట్టి చూసింది.

“ఇది ఆ జిగురు పనే. ఎలర్జీ.”

“దోమలు కుట్టాయేమో...”

“దోమలు థిన్నరు వాసన వేస్తాయా? చూడండి, ఇంకోసారి మీ ఒంటిమీద ఒక్క దద్దురు కనబడిందంటే ఆ పడవ ఈ ఇంట్లో ఉండదు. ప్రామిస్?”

“ప్రామిస్,” అన్నాను. అప్పటికి నిజంగానే అన్నాను.

పది రోజుల తర్వాత సరళ రాయపూర్‌లో వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళింది. పిక్నిక్ దగ్గర పడుతోంది. పడవ అడుగున ఫైబర్‌గ్లాసు గుడ్డ పరిచి ఎపాక్సీ పూస్తే పని దాదాపు అయిపోయినట్టే. ఇంట్లో ఉన్న మా అమ్మ ఇలాంటివి అడగదు. పూశాను. ఆరాక గరుకు కాగితం పెట్టి రుద్దాను కూడా. ఆ పొడి నా మీద మంచులా రాలుతుంటే హాయిగా పాటలు పాడుకున్నాను.

మర్నాడు పొద్దున అద్దంలో నేను కనబడలేదు. ఎవరో పొంగిన పూరీ లాంటి ముఖంతో నావైపు చూస్తున్నారు. మెడ నిండా, చేతుల నిండా నీటి పొక్కులు. అప్పుడే కాఫీ పట్టుకొచ్చిన మా అమ్మ గ్లాసు కింద పెట్టేసి లెంపలు వేసుకుంది.

“ఒరే నాయినా, మొగమేటిరా ఇలాగైపోనాది? అమ్మోరొచ్చినాదిరా బాబూ!”

ఇక్కడ, పాఠకులారా, నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. ‘కాదమ్మా, జిగురు.’ అంతే. కానీ నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన మెరిసింది. జిగురంటే పడవ పోతుంది. అమ్మవారంటే సరళ కూడా ఏమీ అనలేదు. నేను వాచిన కళ్ళు మూసుకుని, “అవునేమో అమ్మా,” అన్నాను.

మా అమ్మ క్షణాల్లో రంగంలోకి దిగింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో తాలింపు బంద్. స్నానం బంద్. మందు మాట ఎత్తితే తల్లికి కోపం వస్తుందట, కాబట్టి అదీ బంద్. పెరుగన్నం, ఉల్లిపాయ, చల్లటి నీళ్ళు. అంతవరకూ బాగానే ఉంది.

“పొయ్యి సెగ తగలకూడదు నాయినా. ఎనకాల సెడ్డులో సాప ఏస్తాను, అక్కడ తొంగో.”

అలా నన్ను తీసుకెళ్ళి సరిగ్గా ఆ పడవ పక్కనే, ఆ పొడిలోనే, ఆ వాసనలోనే పడుకోబెట్టారు. చాప మీద వేపాకులు, వేపాకుల కింద ఎపాక్సీ పొడి. ఒక పక్క చల్లబరుస్తున్నారు, ఇంకో పక్క నేనే ఉడుకుతున్నాను. పైగా ఎవరూ లోపలికి రారు కదా అని, మధ్యాహ్నం గుట్టుగా లేచి ఇంకో కోటు కూడా పూశాను. ఇంత తెలివితక్కువవాణ్ణి మీరు చూసి ఉండరు. నేను చూశాను, రోజూ అద్దంలో.

పొక్కులు తగ్గకపోగా రెట్టింపయ్యాయి. దాంతో తల్లి చాలా శక్తిమంతురాలని పేరు పాకిపోయింది. తెలుగువాళ్ళుండే క్యాంప్ 2 బస్తీ నుంచి మా అమ్మ స్నేహితురాలు పైడమ్మత్త పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకుని ఆటోల్లో దిగింది. షెడ్డు గుమ్మంలో నిలబడి నాకు దణ్ణాలు పెట్టారు.

“తల్లీ, మా బుజ్జిగాడికి కాంట్రాక్టు పని పర్మినెంటవ్వాల,” అంది ఒకావిడ.

నేనేం చెయ్యను? దురద ఆపుకోలేక తల గోక్కున్నాను.

“తలూపినాదర్రా! తల్లి ఒప్పుకున్నాది!” అని పైడమ్మత్త కేకేసింది.

సరిగ్గా అప్పుడే రాయపూర్ నుంచి సరళ దిగింది. జనాన్ని చీల్చుకుని గుమ్మం దాకా వచ్చి నన్ను చూసింది. పడవను చూసింది. పడవ అడుగున తళతళలాడుతున్న కొత్త కోటును చూసింది. కర్పూరం, వేపపొగ దాటుకుని ముక్కుతో ఒక్కసారి గాలి పీల్చింది. జిగురు వాసన పట్టేసిందని నాకు అర్థమైంది.

“ఏమండీ...” అని మొదలుపెట్టిందో లేదో మా అమ్మ చేత్తో ఆమె నోరు మూసేసింది.

“తప్పమ్మా! ఇప్పుడాడు నీ మొగుడు కాడు. తల్లి! తిట్టీకూడదు.”

సరళ పడవకేసి మరోసారి చూసింది. తర్వాత చేతులు జోడించింది. ఆ జోడింపు చూశాక అనవసరంగా భయపడ్డానే అనుకున్నాను. అంత పిచ్చివాణ్ణి.

“తల్లీ,” అంది ఎంతో భక్తిగా, “తమరు వచ్చి మా ఇంటిని పావనం చేశారు. ఇప్పుడు మిమ్మల్ని మర్యాదగా సాగనంపాలి కదా. ఎలా వెళ్తారు?”

మా వైపు అమ్మవారు వస్తే ఊరి పొలిమేర దాటించి సాగనంపడం ఆచారమే. పైడమ్మత్త పడవకేసి చూసింది. మా అమ్మ పడవకేసి చూసింది. నేనూ పడవకేసి చూశాను.

“ఓలమ్మో!” అంది పైడమ్మత్త. “తల్లి రాకముందే ఈడి సేత బండి కట్టించుకున్నాదే!”

“కాదు కాదు!” అన్నాను చాప మీంచి లేస్తూ. “అది పిక్నిక్‌కి...”

“తల్లికి తొందరగా ఉన్నాది, లెగిసిపోతన్నాది!” అంటూ మా అమ్మ నా నెత్తిన చెంబుడు పసుపు నీళ్ళు పోసింది.

నిజం చెప్పెయ్యాలని నోరు తెరిచాను. సరళ కళ్ళు నన్నే చూస్తున్నాయి. చెప్తే, ప్రామిస్ తప్పి, దొంగ అమ్మవారినై, పదిమంది ఆడవాళ్ళ చేత దణ్ణాలు పెట్టించుకున్నానని చెప్పాలి. నోరు మూసుకున్నాను. అంత అవమానాన్ని భరించే ధైర్యం నా దగ్గర లేదు.

ఆదివారం ఉదయం ట్రాలీ ఆటో మీద నా పడవ శివనాథ్‌కి బయలుదేరింది. దానికి పసుపు రాశారు, బొట్లు పెట్టారు, వేపమండలు కట్టారు. మా సెక్షన్ వాళ్ళని కూడా ఎవరో పిలిచారు. తివారీ భక్తిగా కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. పడవలో చీర, గాజులు, దీపం పెట్టి నీళ్ళలోకి తోశారు.

అబ్బ, ఏం తేలిందండీ! ఒక్క పక్కకి ఒరగలేదు. ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు. ప్రవాహంలో మెల్లగా తిరిగి, ముక్కు సరిచేసుకుని, హుందాగా వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. తల్లి వెళ్ళిపోతోందని ఏడుస్తున్నానని అందరూ మెచ్చుకున్నారు.

సరళ నా చెవి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది: “నేను పారేయమంటే ఎక్కడో దాచేవారు. తల్లికిచ్చింది వెనక్కి ఎలా అడుగుతారు?”

ఆ మధ్యాహ్నమే నన్ను చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. జన్మలో ఆ జిగురు ముట్టుకోవద్దన్నాడాయన. షెడ్డు కడిగించాక వారం తిరిగేసరికి నా ఒళ్ళు నున్నగా తయారైంది. “పడవెక్కి ఎల్లగానే సల్లబడిపోనాది!” అని మా అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్తుంది. నాకు కాదనే మార్గం లేదు.

పిక్నిక్‌కి అందరితో పాటు నేనూ వెళ్ళాను. నది మధ్యలో ఒక జాలరి వల వేస్తున్నాడు. నా పడవలో! ఒడ్డుకు రాగానే పరుగెత్తాను.

“భయ్యా, ఈ నావ ఎక్కడిది?”

“మాతా నే భేజీ హై,” అన్నాడు కళ్ళకద్దుకుంటూ. అమ్మవారే పంపిందట. పడవ అంచు ముద్దుగా నిమిరి, “ఇంత బాగా మనిషి కట్టగలడా చెప్పండి,” అని నన్నే అడిగాడు.

కట్టలేడని ఒప్పుకున్నాను. ఒక్క చుట్టు తిప్పుతావా అని అడిగితే, చెప్పులతో పాటు నన్నూ ఎగాదిగా చూసి, ఇది తల్లి పడవ, షికారుకి ఇవ్వనన్నాడు.

కనుక, భిలాయిలోని సమస్త తెలుగు ప్రజల సమక్షంలో నేను ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంటిమీద ఎంత చిన్న దద్దురు లేచినా, అది ఏ డబ్బాలోంచి పుట్టిందో ముందుగా నా భార్యకు విన్నవించుకుంటాను. నేను చేసిన వెధవపనికి ఏ దేవతనూ పూచీ పెట్టను. పెడితే ఆవిడ వచ్చి నా నేరంతో పాటు నా పడవను కూడా పట్టుకుపోతుంది.