కార్ల ఆటకు గుత్తదారుణ్ణి

ఎనిమిది కంప్యూటర్ మౌసులను చేపల బుట్టలో వేసుకుని, శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా పట్టపగలు మోపెడ్ మీద ఊరేగిన మనిషిని మీరు చూసి ఉండరు. చూసినవాళ్లు ఇంకా మర్చిపోలేదు, అదే నా బాధ. ఆ మనిషిని నేనే. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు, డిగ్రీ పాసయ్యాను, ఇంగ్లిష్ బాగా వచ్చనుకునేవాణ్ణి. ఈ మూడింటిలో చివరిది నన్ను ఏ గతి పట్టించిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అలవాటైపోయింది.

రెండువేల పన్నెండులో మేడ్చల్ బస్టాండు దగ్గర నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. షటరు గది మా నాయినది, కంప్యూటర్లు పది, కాళ్లు సరిగ్గా ఉన్న కుర్చీలు ఏడు. పేరు గంగమ్మ నెట్ సెంటర్. మా నాయిన చేపలు పట్టే మనిషి. షటరు అడిగినప్పుడు నెట్ అంటే ఏందిరా అన్నాడు. వల అన్నాను. అది అబద్ధం కాదు కదా. వల పేరు మీద దుకాణమంటే ఆయనకు ముచ్చటేసి సరేనన్నాడు. తీరా ఆ వలలో ఏమీ పడకపోయేసరికి దసరా దాకా గడువు పెట్టాడు. అప్పటికీ జనం రాకపోతే షటరు కోళ్ల దాణా సేటుకు, నేను నాయిన వెనకాల చేపల అమ్మకానికి. సేటు అప్పుడే రెండుసార్లు వచ్చి గోడలు తట్టి చూసిపోయాడు.

జనం అంటే నాకు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు. వాళ్లు ఫీజు రశీదులు తీసుకోవడానికి వచ్చి కార్ల పందెం ఆట ఆడి పోయేవాళ్లు. ఆ ఆట మొదటి భాగాన్ని ఇంటర్నెట్‌లో ఆటలమ్మే ఒక పాత స్టోరులో కొన్నాను. స్టోరంటే గోడలూ తలుపులూ ఉండవు. పేరు రాసుకుని కొనుక్కుంటే ఆట తీగ మీద నడిచి వచ్చి మన కంప్యూటర్‌లో దిగుతుంది. అంతా బాగానే ఉంది. ఇంతలో ఆట తయారుచేసే కంపెనీ వాళ్లకు పాత స్టోరుతో ఎక్కడో చెడింది. సొంతంగా కొత్త స్టోరు తెరిచి, రెండో భాగాన్ని అందులోనే పెట్టారు. పాత స్టోరులో ఎంత వెతికినా దొరకదు. పిల్లలేమో రెండో భాగం కోసం బస్సెక్కి సికింద్రాబాద్ పోవడం మొదలుపెట్టారు. వెంటనే కొత్త స్టోరులో పేరు రాయించుకున్నాను. పేరు అని ఉన్నచోట మా తాతల పేరు రాయాలా, నా పేరు రాయాలా అని ఆలోచించి, చివరికి గంగమ్మ నెట్ సెంటర్ మేడ్చల్ అని రాశాను. ఆ కరెంటు కోతల్లో ఆట దిగడానికి నాలుగు రోజులు పట్టింది. మా ఇంట్లో మనిషి పుట్టినా అంత సేపు కాచుకుని కూర్చోలేదు.

ఐదో రోజు మెయిల్ వచ్చింది. డియర్ గంగమ్మ నెట్ సెంటర్ మేడ్చల్ అని మొదలైంది. అంత పెద్ద కంపెనీ నన్ను ఊరి పేరుతో సహా పిలిచిందంటే కళ్లు చెమర్చాయి. కింద లావు అక్షరాల్లో ఉంది: ఎక్స్‌క్లూజివ్‌లీ హియర్. ఇంకెక్కడా దొరకదు.

ఇక్కడ నా బుర్ర పనిచేసిన తీరు మీరు గమనించాలి. ఎక్స్‌క్లూజివ్ అంటే డిక్షనరీలో ఒక్కరికే చెందినది అని ఉంది. మా ఇంట్లో దానికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది, గుత్త. మా నాయినా, వాళ్ల సంఘం వాళ్లూ ఏటా చెరువును గుత్తకు తీసుకుంటారు. గుత్త ఎవరిదో చేపలు వాళ్లవి. ఇంకెవడైనా దొంగతనంగా దిగితే వాడి వల గుంజుకోవచ్చు. నేను అ ఆ లు దిద్దకముందే నేర్చుకున్న న్యాయం అది. ఇక హియర్ అంటే ఇక్కడ. ఇక్కడ అంటే ఎక్కడ? నేను కూర్చున్నది మేడ్చల్‌లో. మెయిల్ మీదున్నది మేడ్చల్. కాబట్టి ఈ ఆటకు మేడ్చల్ గుత్త నాది. చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదని వాళ్లే రాశారు గనక శామీర్‌పేట కూడా నాదే. తర్కంలో ఒక్క లోపం చూపించండి చూద్దాం.

మీ నమ్మకాన్ని నిలబెడతానని కంపెనీకి జవాబు రాశాను. ఈ మెయిలును ఎవరూ మానిటర్ చేయరు అని నిమిషంలో తిరుగు జవాబు వచ్చింది. పాపం, అంత కంపెనీకి మానిటర్ లేదేమిటని జాలిపడ్డాను. ఆ సాయంత్రమే ఫ్లెక్సీ కొట్టించాను. అందులో నేను నల్లకళ్లద్దాలతో, చెవి దగ్గర ఫోన్‌తో ఉన్నాను. ఆ ఫోన్ అప్పటికి పాడైపోయింది. నా తల పక్కన పెద్ద కారు, కింద ఎర్రటి అక్షరాల్లో ‘కార్ల ఆట రెండో భాగానికి మేడ్చల్, శామీర్‌పేట మండలాల ఏకైక గుత్తదారు’. నాయిన దాని ముందు నిలబడి చాలాసేపు చూసి, పాట ఎప్పుడు పాడినవ్‌రా అని అడిగాడు. గుత్తకు వేలంపాట ఉంటుంది కదా. ఇప్పుడంతా ఆన్‌లైన్ నాయినా అన్నాను.

మర్నాడు శుక్రవారం. శామీర్‌పేటలో ఖాజా అని ఒకతని సెంటర్ ఉంది, అందులో కూడా అదే ఆట ఆడుతున్నారని కబురొచ్చింది. నా ఒళ్లు మండిపోయింది. నాయిన మోపెడ్ తీశాను. వెనకాల చేపల బుట్ట కట్టి ఉంది, విప్పే ఓపిక లేదు. మధ్యాహ్నానికి అక్కడ దిగాను. ఖాజా నమాజుకు పోయాడట. లోపల ఎనిమిది కంప్యూటర్ల ముందు ఎనిమిది మంది, ఎనిమిది తెరల మీదా నా గుత్త కార్లే. దొంగ వలలు పట్టుబడినప్పుడు మా నాయిన ఎలా గొంతు సవరించుకుంటాడో అలా సవరించుకుని, ఇది గంగమ్మ నెట్ సెంటర్ ఇలాఖా అని చెప్పి, వరసగా ఎనిమిది మౌసులూ పీకి బుట్టలో వేసుకున్నాను. ఒక్కడూ కిక్కురుమనలేదు. తల కూడా తిప్పలేదు. నన్ను చూసి ఎంత హడలిపోయారో అనుకున్నాను. మౌసుల తీగలు బుట్టలోంచి బయటికి వేలాడుతుంటే, గెలిచిన రాజులాగా దారి పొడవునా హారన్ కొడుతూ వచ్చాను. చెరువుకట్ట దగ్గర ఒకావిడ బండి ఆపి, ఇవేం చేపలు బిడ్డా, మీసాలు గింత పొడుగున్నయి అని అడిగింది కూడా.

ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని అన్నం ముందు కూర్చున్నానో లేదో, ఖాజా వచ్చాడు. నేను హారన్ కొడుతూ వచ్చింది మసీదు ముందునుంచేనట. వెంట వాళ్ల చెల్లెలు షబానా ఉంది, డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివే పిల్ల. ఖాజా నా వైపు చూడలేదు. నేరుగా మా నాయిన దగ్గరికి పోయి, చాచా, జర నాకు ఇన్సాఫ్ చెయ్యుండ్రి అని న్యాయం అడుగుతూ గడప మీద కూర్చున్నాడు. గుత్త తగువంటే మా నాయినకు ప్రాణం. నులకమంచం మీంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, రెండు పక్షాలనూ చెప్పమన్నాడు. నేను మెయిల్ కాగితం చూపించాను. ఖాజా కూడా ఒక కాగితం తీశాడు. అందులో డియర్ ఖాజా నెట్ పాయింట్ శామీర్‌పేట అని ఉంది. మిగతాదంతా కామాతో సహా నాదే.

నాది అసలు, నీది డూప్లికేట్ అన్నాను. ఇద్దరికీ ఒకటే టైమ్‌కు వచ్చింది చూడు భాయ్ అని అతను నెమ్మదిగా అన్నాడు. నాయిన రెండు కాగితాలనూ షబానా చేతికిచ్చి తెలుగులో చదవమన్నాడు. ఆమె చదివి, పెదవి కొరుక్కుని, హియర్ అంటే ఇక్కడ అని చెప్పింది.

“ఇక్కడ అన్నోడు యాడ నిలబడి అన్నడు బిడ్డా?” అని అడిగాడు నాయిన.

నా మూడేళ్ల డిగ్రీలో నాకు రాని ప్రశ్న అది.

“ఆళ్ల స్టోరుల నిలబడి అన్నరు చాచా,” అంది షబానా. “పాత స్టోరోనికి ఈ ఆట ఇయ్యలే, మా తాననే దొర్కుతదని రాసిండ్రు. పేరు కాడ మనం ఏం రాస్తే గదే వస్తది. దునియా మొత్తానికి ఇదే చిట్టి పోయింది.”

నాయిన మీసం దువ్వుకున్నాడు. తర్వాత నిమ్మళంగా చెప్పాడు. “అయితే చెర్వు ఆళ్లదే, గుత్త ఆళ్లదే. మీరిద్దరు అండ్ల శాపలురా.”

షబానా ఆపుకోలేక నవ్వింది. ఖాజా నవ్వాడు. నేను కూడా నవ్వుదామని చూశాను, పెదవులు కదల్లేదు. పరువు కాపాడుకుందామని, ఏదేమైనా మౌసులు గుంజుకున్నప్పుడు మీవాళ్లు నోరెత్తలేదు కదా అన్నాను.

“గాడీల ఆట కీబోర్డు మీద ఆడతరు భాయ్,” అన్నాడు ఖాజా. “మౌస్ పోయిందని ఆళ్లకు ఇంకా తెల్వది.”

నాయిన మాత్రం నవ్వలేదు. గుత్త లేకుండా ఇంకొకడి వల ముట్టుకోవడం ఆయన వృత్తిలో అన్నిటికన్నా నీచమైన పని. దొంగతనం కన్నా నీచం. దసరా దాకా ఎందుకు, సోమవారమే షటరు సేటుకు ఇస్తానన్నాడు. ఆదివారం వచ్చి కొలతలు తీసుకొమ్మని నా ముందే ఫోన్ చేసి చెప్పాడు. తప్పుగా వల గుంజినోడు తన చేతులతోనే మళ్లీ కట్టి రావాలి, అది వాళ్ల ఆచారం. రేపే పోయి మౌసులు కట్టి రమ్మన్నాడు. ఆ పూట నాకు నిజంగా ఏడుపొచ్చింది. నవ్వులాట అంతా పోయి, పది కంప్యూటర్లు, ఏడు కుర్చీలు, నా బతుకు మిగిలాయి.

శనివారం పొద్దున శామీర్‌పేట పోతే సెంటర్ నిండా జనం. గుత్తదారు వస్తున్నాడని ఖాజా చెల్లెలు ఊరంతా చెప్పినట్టుంది. నేను ఒక్కొక్క బల్ల కిందికీ దూరి మౌసు తగిలిస్తుంటే పైనుంచి చప్పట్లు. ఎనిమిదోది తగిలించి బయటికి వచ్చేసరికి ఖాజా చాయ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. షటరు సంగతి అతనికి ఎట్లా తెలిసిందో తెలియదు. ఎంతకాలమైంది, మనమిద్దరం ఒకరి సెంటర్‌కొచ్చే పిల్లల్ని ఒకరం గుంజుకోబట్టి అన్నాడు. పెద్ద స్టోర్లు రెండూ కొట్టుకోనీ, మనకేం, మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ పందెం పెడదాం, నీ దగ్గర జాగా ఎక్కువుంది కాబట్టి నీ దగ్గరే అన్నాడు. ఎప్పుడు అని అడిగాను. రేపే, సేటు వచ్చే టైమ్‌కే అన్నాడు. ఆ క్షణం అతన్ని కౌగిలించుకున్నాను. చాయ్ ఇద్దరి మీదా పడింది.

ఆదివారం ఖాజా తన ఎనిమిది కంప్యూటర్లను పరుపుల్లో చుట్టి ట్రాలీ ఆటోలో తెచ్చాడు. నేను చేసిన తెలివితక్కువ పని అప్పటికే రావల్కోల్ దాటి కీసర దాకా పోయింది. సగం మంది ఆటకు వచ్చారు, సగం మంది నన్ను చూడటానికి. చూడటానికి వచ్చినవాళ్లు ఊరికే పోలేక కూర్చున్నారు. పదకొండింటికల్లా కుర్చీలు చాలక పక్క హోటల్ బెంచీలు తెచ్చాం. సికింద్రాబాద్ పోయే మా పిల్లలంతా బస్టాండు నుంచే వెనక్కి తిరిగారు. దేవుడి దయవల్ల కరెంటు కూడా పోలేదు.

చివరికి మేడ్చల్, శామీర్‌పేట చెరిసగం గెలిచి సమానంగా నిలిచాయి. ఇక యజమానులే ఆడాలని జనం పట్టుబట్టారు. ఒక కుర్చీలో ఖాజా, ఒక కుర్చీలో నేను. మొదటి మలుపులోనే నా కారు గడ్డిలో పడింది. జనం గోల. రెండో చుట్టులో అతన్ని అందుకున్నాను. మూడో చుట్టులో ఇద్దరి కార్లూ రాసుకుంటూ పోయాయి, బాణం గుర్తు మీద వేలు అణగదొక్కాను, అంతే. నా కారు ముక్కు ముందు దాటింది. నన్ను ఎత్తి తిప్పారు. తల ఫ్యానుకు తగలబోయింది. అంత సంతోషం నాకు తర్వాత పెళ్లిలో కూడా కలగలేదు, ఈ ముక్క మా ఆవిడకు చెప్పకండి.

భుజాల మీంచి చూస్తే గుమ్మం దగ్గర దాణా సేటు టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి అడుగు పెట్టే సందు లేదు. పక్కన నాయిన. సేటు ఏదో అన్నాడు, గోలలో వినిపించలేదు. నాయిన జవాబు మాత్రం అందరికీ వినిపించింది.

“ఇంకో షటరు సూస్కో సేటు. మా పోరడు దుకాణం నడుపుతాండు.”

మా నాయిన నా గురించి నలుగురిలో అన్న మొదటి మంచిమాట అది. కింద దింపమని అడిగాను, ఎవరూ దింపలేదు. పైనే ఉండి కళ్లు తుడుచుకున్నాను.

దసరా పోయింది, సంవత్సరం తిరిగింది, దుకాణం నిలబడింది. పాత స్టోరు వాళ్లు ఊరుకుంటారా, వాళ్లూ ఒక యుద్ధం ఆటను తమ దగ్గరే పెట్టుకున్నారు. నాకు మెయిల్ వచ్చింది, మీకు మాత్రమే అని. ఖాజాకు ఫోన్ చేశాను. నాకు మాత్రమే వచ్చింది భాయ్ అని అతనూ చెప్పాడు. ఇద్దరం కలిసి కొనుక్కున్నాం.

ఆ రోజే స్నానం చేసి, తూర్పు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ‘ఇక్కడ’ అన్నవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలుసుకోకుండా ఏ మెయిలునూ నమ్మను, నమ్మినా ఫ్లెక్సీ కొట్టించను, కొట్టించినా ఇంకొకడి సామాను ముట్టుకోను. చదివేవాళ్లకు చివరగా ఒక మనవి. ఈ ఒట్టు మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో నాకొక్కడికే సొంతం. ఇంకెవరైనా పెట్టుకున్నట్టు తెలిసిందో, మోపెడ్ వేసుకుని వస్తాను.