గొట్టం కింద పదకొండు

1956లో ఒక శనివారం పొద్దున పది గంటలకు పోలీసులు మా నాన్న ఇటలీ తుపాకీని పట్టుకుపోయారు. ఇవాళ కుట్టుమిషను నూనె వాసనకు అది గుర్తొచ్చింది; నాన్న తుపాకీకి ఆ నూనే పూసేవారు.

ఫ్రెంచివాళ్లు 1954లో మా ఊరొదిలి వెళ్లకముందు కొన్న తుపాకులే ఉంచుకోవచ్చన్నారు సర్కారువాళ్లు. "ఫ్రెంచి దొర వెళ్తా వెళ్తా ఇచ్చాడండీ," అన్నారు నాన్న. ఇన్‌స్పెక్టరు గొట్టం కింద నక్షత్రాన్నీ, పక్కనున్న గీతల్నీ చూసి, "ఏంటియ్యి?" అన్నాడు. మనిద్దరం చదివిన బళ్లో గడియారం మీది రోమను అంకెలు నేర్పారు, గుర్తుందా? నేనే గర్వంగా "పదకొండు" అని చదివాను. ఆయన రాసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక నాన్న అమ్మతో, "ఆ అంకె ఇటలీలో తుపాకీని పరీక్ష చేసిన ఏడాది. పదంటే యాభైనాలుగు," అన్నారు.

"మరి పదకొండంటేనండీ?" అంది అమ్మ.

ఆ గుర్తులు చదవడానికి సోమవారం పది గంటలకు కాకినాడ నుంచి తుపాకుల మేస్త్రీ ఠాణాకు రావాల్సి ఉంది.