మామకు చదవని పేరా

మంగళవారం పొద్దున స్కూలుకు పోదామని స్కూటర్ తీస్తుంటే చెన్నై ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటి మామ కొడుకు. "అక్కా, నాయన పోయినాడు," అన్నాడు. నేను స్కూటర్‌కు స్టాండ్ వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేశాను. వారం దాటినా అట్లాగే ఉంది నా సంగతి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఏం చేయాలో తోచదు.

చిత్తూరులో మా వీధికంతటికీ ఆయన పరుపుల మామ. దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో ప్రతి దిండూ ఆయన చేతిదే. మేము చుట్టాలం కాము, మతం కూడా వేరు. అయినా ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా "పాపా, ఇది రొంత సూడు," అని గోడ మీదుగా నాకే అందించేవాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. వీధిలో ఎవరు పోయినా, వాళ్ళు ఎవరైనా సరే, శవం ముక్కుల్లో పెట్టే దూది ఆయనే తీసుకెళ్ళేవాడు. కొత్త దూదిని చేత్తో ఏరి, శుభ్రం చేసి, తెల్లగుడ్డలో చుట్టుకుని పోయేవాడు. ఇచ్చేసి వచ్చేయడు. శవాన్ని ఎత్తేదాకా ఒక మూల కూర్చునేవాడు. ఎందుకు మామా అంత సేపు అని ఒకసారి అడిగాను. "సచ్చినోళ్ల ఇంట్లో ఒగరన్నా ఊరికే కూసోవల్ల పాపా. మిగతావోళ్లంతా పన్ల మీద తిరగతా ఉంటారు," అన్నాడు.

ముందు దగ్గు మొదలైంది. తర్వాత మేడ మెట్లు సగం ఎక్కేసరికే ఆగిపోయేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, దూది దుమ్ము వల్ల కావచ్చు అన్నారు డాక్టర్లు. ఆక్సిజన్ మిషన్ ఇంటికొచ్చింది. మామ మాట మధ్యలో ఆగి, ముక్కు దగ్గర పైపు సర్దుకుని, మళ్ళీ మాట అందుకునేవాడు. ఇక ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే దారి అని తేల్చారు. డబ్బు సంగతి కొడుకు, బంధువులు, మసీదు పెద్దలు కలిసి చూసుకున్నారు. మామే ఒప్పుకోలేదు.

"ఇంకొగరు సస్తే గదా నాకు ఊపిరొచ్చేది. ఎవురి సావు కోసరమో కాసుకోని కూసునేదా నేను?"

నాకు ఒళ్ళు మండింది. నా నోరు సంగతి వీధిలో అందరికీ తెలుసు. "నీ కోసరం ఎవురూ సావరు మామా. పోయేవోళ్లు ఎట్లైనా పోతారు. నువ్వు పోతే అత్త ఏం కావల్ల, అది సెప్పు," అన్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మార్పిడి గురించి ఆస్పత్రి వాళ్ళిచ్చిన పుస్తకం ముందేసుకుని తెలుగులో చదివి వినిపించాను. మందులు బతికినన్నాళ్ళూ వేసుకోవాలి, టైము తప్పకూడదు. పచ్చి కూరలు తినకూడదు. దూది పని మానేయాలి. అన్నిటికీ తల ఊపాడు, చివరిదానికి కొంచెం ఆలస్యంగా. ఆ తర్వాతి పేరాలో జనం గుమికూడే చోట్లకు, పెళ్ళిళ్ళకు, చావులకు పోకూడదని ఉంది. నేను పేజీ తిప్పేశాను. అది చదివితే మామ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడని నాకు తెలుసు. తెలిసే తిప్పాను. ఈ సంగతి అత్తకు కూడా చెప్పలేదు.

మామ సంతకం పెట్టాడు. చెన్నైలో అద్దె గదిలో నాలుగు నెలలు ఎదురుచూశాక పిలుపు వచ్చింది. ఊపిరితిత్తులు ఇచ్చిన మనిషి ఎవరో ఆస్పత్రివాళ్ళు చెప్పలేదు. కుర్రవాడని మాత్రం తెలిసింది.

ఆపరేషన్ అయి తిరిగొచ్చిన కొన్నాళ్ళకు మామ మేడ మెట్లన్నీ ఎక్కి, పైనుంచి "పాపా, మీ ట్యాంకు నిండిపోయి నీళ్లు కారతా ఉండాయి," అని కేకేశాడు. ఆ కేక విని వంటింట్లో నిలబడి ఏడ్చాను. మోటారు ఆపడం మర్చిపోయాను.

అంతా బాగుందని కాదు. మందులకు చేతులు వణికేవి, సూదిలో దారం ఎక్కేది కాదు. కొడుకు అంగట్లో ఫోం పరుపులు పెడితే, వాటిని వేలితో నొక్కి చూసి వచ్చేసేవాడు. పలకరించడానికి ఎవరొచ్చినా, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని మూతికి గుడ్డ కట్టుకోనిదే అత్త లోపలికి రానిచ్చేది కాదు.

అంతలో ఎదురింటి అవ్వ పోయింది. మామ చొక్కా వేసుకున్నాడు. "ఇంటికి పంపేటప్పుడు డాక్టరు సావులకు పోవద్దని రాసినాడు గదా," అని అత్త అడ్డం నిలబడింది. మామ నా వైపు తిరిగాడు.

"నువ్వు సదివినప్పుడు ఈ మాట రాలేదే పాపా."

నేను నోరు తెరిచేలోపే, "సరేలే, పెద్ద పుస్తకం," అని చొక్కా విప్పేశాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత రోజూ నాతో మాట్లాడాడు, నవ్వాడు, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. మనసులోంచి తీసేశాడో, పెట్టుకునే ఉన్నాడో నాకు తెలియదు. ఇక అడగడానికి మనిషి లేడు.

పోయిన నెల టీ అంగడి ఆయన పోయాడు. మామకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు. మామ మాస్కు కట్టుకుని దూది పట్టుకుని బయలుదేరాడు. ఈసారి నేను కూడా అడ్డం పోయాను. "ఎవురి బిడ్డదో ఈ ఊపిరి. ఇంట్లో దాంకోనుండేదానికా వాళ్లు ఇచ్చింది?" అన్నాడు. నేను పక్కకు జరిగాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని వచ్చాడు. పది రోజులకు జ్వరం పట్టుకుంది, మళ్ళీ చెన్నై తీసుకుపోయారు. అక్కడికి పోయినందుకే వచ్చిందని డాక్టర్లు అనలేదు, కాదని కూడా అనలేదు.

ఆపరేషన్ తర్వాత రెండున్నరేళ్ళు బతికాడు మామ. నేను ఆ పేరా చదివి ఉంటే ఆ రెండున్నరేళ్ళు ఉండేవి కావు. చదవకుండా, అవి ఎట్లా గడపాలో ఎంచుకునే హక్కు ఆయనకు లేకుండా చేశాను. పొద్దున ఒప్పనిపించింది మధ్యాహ్నానికి తప్పనిపిస్తుంది. క్లాసులో పాఠం చెబుతూ కూడా ఇదే. మామ అంటే ఎంత ప్రేమో అంత కోపంగానూ ఉంది నాకు.

ఆ మంగళవారం మధ్యాహ్నమే మామను ఇంటికి తీసుకొచ్చారు. నేను పోయేసరికి గుమ్మం బయట వీధిలో వాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ లోపలికి పోవడం లేదేమా అనుకుని ముందుకు వెళ్ళి చూశాను. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. అయినా ఒక్కొక్కరూ కొళాయి దగ్గర ఆగి, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, అప్పుడు మామ దగ్గరికి పోతున్నారు.